కుడిచెవిలో కూకో

చచ్చిపడి ఉండటం ఇంత విసుగు పని అని నాకెవరూ చెప్పలేదు. ఇందాకట్నించీ ఈ పెట్టెలో వెల్లకిలా పడుకుని ఉన్నాను, లోపల తెల్లటి శాటిన్ గుడ్డ, గుడ్డ కింద దూది, దూది కింద ఒక మేకు, ఆ మేకు నా నడుముని వెతుక్కుంటూ వచ్చినట్టుంది, శవానికి నడుంనొప్పి ఏమిట్లే అనుకుని ఉంటాడు వడ్రంగి, తన పనితనమంతా బయటికి కనిపించే చెక్కమీదే చూపించాడు, తప్పు పట్టను, బతుకంతా నేను చేసిందీ అదే. లైట్లవాళ్ళు ఇంకా నిచ్చెనలు దిగలేదు. "దోన్యా తెంచా, కదలకండేం, మీరు కదిల్తే నీడలు కదుల్తాయ్" అని మా దర్శకుడు బల్తాసార్ చెప్పి అటు వెళ్ళాడు. కదలను నాయనా. ఇన్నేళ్ళూ నన్ను కళ్ళెర్రజెయ్యమన్నారు, చెంపలు పగలగొట్టమన్నారు, మెట్లమీంచి దొర్లమన్నారు, ఊరికే పడుకోమన్నవాడివి నువ్వొక్కడివే, నీ కడుపు చల్లగా ఉండాలి. దీన్నే యోగా నేర్పేవాళ్ళు శవాసనం అంటారు. మేం సీరియల్ అంటాం. కొవ్వొత్తుల వాసన, లిల్లీపూల వాసన, ఎక్కడో దాల్చినచెక్క వేసిన కాఫీ వాసన. పూలు ప్లాస్టిక్‌వి, వాసన సీసాలోది, కాఫీ ఒక్కటే నిజం, అదీ నాకు లేదు, శవాలకి ఎవరు పోస్తారు.

నా పూర్తి పేరు ఓర్తెన్సియా బర్రగాన్. ఓర్తెన్సియా అని పేరు పెట్టిన ప్రతి పిల్లనీ మా దేశంలో తెంచా అని పిలుస్తారు, ఎందుకో పిలిచేవాళ్ళకీ తెలీదు. నాకు మాత్రం పేరుకి తగ్గ పనే దొరికింది. తెరమీద ఎన్ని పెళ్ళిళ్ళు తెంచానో లెక్కలేదు, నిశ్చితార్థాలు తెంచా, తల్లీకూతుళ్ళ బంధాలు తెంచా, ఒకసారి హీరో కారుకి బ్రేకు తీగ తెంచా, ముడివేసిన పాపాన మాత్రం పోలేదు. ఇంటిపేరులో గానం ఉంది కదా అని ఒక నిర్మాత నాచేత పాట కూడా పాడించాడు, గానానికి ముందు బర్ర ఉందని చూసుకోలేదు, దేశమంతా చూసింది. వేషం ఏదిచ్చినా విషమే ఇచ్చారు నాకు, అక్కడొక ఏత్వం, ఇక్కడొక గుడి తేడా, అంతే. ఒకసారి కొయొఆకాన్ సంతలో ఎండుమిరపకాయలమ్మే ముసలమ్మ ఉల్లికాడల కట్ట తీసుకుని నా వీపుమీద ఒక్కటేసింది. "చేతులెలా వచ్చాయే పాపిష్టిదానా, ఆ గుడ్డిపిల్లని మెట్లమీంచి తోస్తావా!" అమ్మా అది కథమ్మా అన్నాను. "కథా? నా కళ్ళతో నేను చూస్తేనూ!" అని ఇంకొకటి వేసింది. చుట్టూ జనం మూగారు, ఎవరూ ఆపలేదు, ఆపడానికి అందరూ సీరియల్ చూసినవాళ్ళే. కొట్టీ కొట్టీ అలసిపోయి, నా చెవిదగ్గరికొచ్చి, గొంతు తగ్గించి అడిగింది: "పోనీ, ఆ పిల్లకి చూపొస్తుందా?" శుక్రవారం వస్తుందమ్మా, ఎవరికీ చెప్పకు అన్నాను. ముసల్ది ఏడ్చేసింది, నా చెయ్యి పట్టుకుని ముద్దుపెట్టుకుంది, కొట్టిన ఉల్లికాడలే నా సంచిలో పెట్టింది. బహుమతులు చాలానే వచ్చాయి నాకు, అద్దాల బీరువాలో నుంచుని ఉంటాయి, కానీ నేను వండుకుతిన్న బహుమతి అదొక్కటే.

ఇప్పుడు ఈ సీరియల్లో నేను దోన్యా లియోనార్దాని, పెద్దవాళ్ళ పేరుముందు దోన్యా అనో దోన్ అనో మర్యాదకి తగిలిస్తాం. కిత్తనార తోటలూ, దాన్నించి సారా తీసే బట్టీలూ ఉన్న పెద్ద ఇంటి యజమానురాలిని. కోడలికని కప్పులో పోసిన వేడి చాక్లెట్టులో విషం కలిపాను, కప్పులు తారుమారయ్యాయి, నేనే తాగాను. మా కథల్లో కప్పులు మారకపోతే కథ కప్పులోనే ఉండిపోతుంది. తాగి నిన్నటి ఎపిసోడ్‌లో పోయాను, బాగానే పోయాను, తివాచీ మీద ఇటునుంచి అటు దొర్లి మరీ పోయాను. ఇవాళ శవజాగరణ. కోడలు ఏడుస్తుంది, బంధువులు జపమాలలు తిప్పుతారు. ఇక్కడే ఉంది కిటుకు. కథ ముందే బయటికి పొక్కకుండా ఉండాలని రచయిత దీన్ని రెండు రకాలుగా రాశాడు. ఒకదాంట్లో పెట్టెకి మూత వేస్తారు, అంతటితో సరి. రెండోదాంట్లో ఏడుపుల మధ్యలో నేను కళ్ళు తెరుస్తాను, లేచి కూచుంటాను, చేసిన పాపాలన్నీ పేజీన్నర పొడుగున ఒప్పుకుంటాను, విషం చాల్లేదన్నమాట, పాపం చాలినంత ఉంది. రెండూ తీసి, ఏది పండితే అది వేస్తానంది నిర్మాత ఒబ్దూలియా మేడమ్, మొహమాటం లేకుండా నా మొహంమీదే చెప్పింది. ఆ పేజీన్నరా పలికానా, ఇంకో ఏడాది బతుకుతాను. తడబడ్డానా, మూత. అసలు చావు బతుకులంటే ఇంత తేలిగ్గా తేలాలి, ఆసుపత్రుల్లో అనవసరంగా నానుస్తారు.

పేజీన్నర బట్టీ పట్టలేవా తల్లీ అని బయటివాళ్ళు అడుగుతారు. పట్టలేను. మా దగ్గర ఎవరూ పట్టరు. కాగితాలే పొద్దున వస్తాయి, ఒక్కోసారి ఇంకా వేడిగా, రొట్టెల్లాగా. మాకు చెవిలో బఠాణీ ఉంటుంది. నిజం బఠాణీ కాదు, అంతే సైజు యంత్రం, అందరం బఠాణీ అనే అంటాం. పైన గాజుగదిలో ఒక మనిషి కూర్చుని అందరి మాటలూ మాకంటే ఒక్క క్షణం ముందు చదువుతూ ఉంటాడు, మేం వింటూ పలుకుతూ పోతాం. మాటలే కాదు, "కోపంగా", "తలుపువైపు చూస్తుంది", "ఏడుస్తుంది" అని కూడా ఆయనే చదువుతాడు, మేం కోప్పడతాం, చూస్తాం, ఏడుస్తాం. మిగతా ప్రపంచంలో జనం చెవిలో పువ్వులు పెడతారు, ఇక్కడ పలుకులు పెడతారు. నా జ్ఞాపకశక్తి ఈ చెవిలోంచి లోపలికొచ్చి నోట్లోంచి బయటికి పోతుంది, మధ్యలో ఆగడానికి దానికి అరుగు లేదు. ఆ గాజుగదిలో మనిషి పేరు దోన్ రెఫూహియో, కానీ ఆ పేరున్నవాళ్ళని కూకో అంటారు, పేరూ కూకో, ఉద్యోగమూ కూకోవడమే, ఎవరో చూసే పెట్టినట్టున్నారు. ముప్ఫై ఏళ్ళపైగా ఆయన గొంతు నా కుడిచెవిలో కాపురం ఉంది. మొగుడు అన్సెల్మో కూడా అంతకాలం కాపురం చెయ్యలేదు. పైగా అన్సెల్మో చెప్పిన మాట ఒక్కటీ నేను వినలేదు, దోన్ కూకో చెప్పిన మాట ఒక్కటీ కాదనలేదు, ఇది నేను ఎవరితోనూ అనను, అన్సెల్మో అయితే విడాకుల రోజున కోర్టులోనే అన్నాడు. జడ్జిగారు "దీనికి మీరేమంటారమ్మా" అని అడిగితే నేను చెవి తడుముకుంటూ నుంచున్నాను, ఏమైనా వినిపిస్తుందేమోనని.

అసలు మొదలైందే ఆయన నోటివల్ల. మా ఊరు ఒరిసాబాలో అమ్మకి చిన్న హోటలుండేది, పొద్దున జావ, మధ్యాహ్నం మోలే కూర, నేను వెనక పెరట్లో గిన్నెలు తోమేదాన్ని. రాజధానికొచ్చి సీరియళ్ళలో చేరాక అమ్మ ఉత్సాహంగా ఫోన్ చేసి ఏం చేస్తున్నావే అంటే పాత్రలేనమ్మా అన్నాను, "అక్కడా పాత్రలేనా" అని ఆవిడ బావురుమంది. ఆ మొదటి పాత్ర పనిమనిషి. కాఫీ పళ్ళెం పట్టుకుని గదిలోకి వెళ్ళాలి, అంతే, మాటల్లేవు. వెళ్ళాను. సరిగ్గా అప్పుడే పైన గాజుగదిలో దోన్ కూకో తన కాఫీ తనే ఒళ్ళో ఒలకబోసుకుని "అబ్బ, కాలిందిరా దేవుడా!" అన్నాడు. చెవిలోకొచ్చింది పలకాలి కదా, నేనూ "అబ్బ, కాలిందిరా దేవుడా!" అని అరిచాను, అరిచి, అన్నాక కాలాలి కదా అని పళ్ళెం యజమాని ఒళ్ళో వదిలేశాను. ఆ యజమాని వేషం వేసినాయన లేచి గంతులేశాడు, ఆ గంతులు నటన కాదు. అప్పటి దర్శకుడు నవ్వీ నవ్వీ కుర్చీ పట్టుకుని, ఈ పిల్లని ఉంచండి, దీనికి మాటలు రాయండి అన్నాడు. ఆయనకి కాలింది, నాకు కాలం కలిసొచ్చింది. తర్వాత నేను మెట్లెక్కి గాజుగదికి వెళ్ళి థాంక్స్ చెబితే దోన్ కూకో తడిసిన ప్యాంటుమీద పుస్తకం అడ్డం పెట్టుకుని, తల ఎత్తకుండా, "దేనికమ్మా, నేనేం చేశాను, కూర్చునే ఉన్నాను కదా" అన్నాడు. ఆయన ఎప్పుడూ అంతే. సెట్‌మీదకి దిగడు. కెమెరా అంటే ఆయనకి, మా అమ్మకి ఎలక అంటే ఎంత భయమో అంత.

వాళ్ళు దీపం మారుస్తున్నారు, రెప్పల మీద ఎర్రగా పడుతోంది, వెచ్చగా, ఒరిసాబాలో పొయ్యిముందు కూర్చున్నట్టుంది. పొయ్యి. పోయి. పోయింది. అవును, చెవి పోయింది. పోయిన వానాకాలంలో. మొదట జలుబనుకున్నాను, తర్వాత బఠాణీ పాడయిందనుకున్నాను, మూడు మార్పించాను, ఆఖరికి డాక్టరు దగ్గరికి వెళ్ళాను. కుడిచెవిలో నరం రిటైరయిందమ్మా అన్నాడాయన, నన్నడక్కుండానే. ఎడమచెవి ఇంకా ఉద్యోగంలోనే ఉంది, కాస్త బద్ధకంగా. మరి బఠాణీ ఎడమచెవికి మార్చుకోవచ్చుగా? లియోనార్దా జుట్టు ఎడమపక్క ఎత్తి దువ్వి ముత్యాల దువ్వెన గుచ్చుతారు, ఆ చెవి మొత్తం కెమెరాకి కనిపిస్తుంది, మార్చమంటే ఎందుకని అడుగుతారు, ఎందుకో చెప్తే ఏమవుతుందో నాకు తెలుసు. పాపం ఎవాంఖెలీనా, ఎంత మంచి నటి, చెవి మందగించిందని తెలిసిన వారానికే ఆమె పాత్రకి స్పెయిన్‌లో ఒక మేనత్త పుట్టుకొచ్చింది, సూట్‌కేసు సర్దుకుని విమానం ఎక్కింది, ఇప్పటిదాకా దిగలేదు. మా కథల్లో పనికిరానివాళ్ళకి చావైనా వస్తుంది, మేనత్తయినా వస్తుంది. కాబట్టి ఇన్ని నెలలూ ఎవరికీ చెప్పకుండా నెట్టుకొచ్చాను. ఎదుటివాళ్ళ పెదాలు చూస్తాను, సగం ఊహిస్తాను, మిగతా సగం ఏడుస్తాను, ఏడుపుకి మాటలక్కర్లేదు. పెడచెవిన పెట్టింది అంటారే, ఆ పెడచెవి ఇదన్నమాట, ఎవరేం పెట్టినా తీసుకోదు. కానీ ఇవాళ కళ్ళు మూసుకుని ఉండాలి. శవం ఎవరి పెదాలు చూస్తుంది?

అయినా భయం అనిపించడం లేదు, అదే చిత్రం. ఏదో నిండుగా ఉంది. పెట్టెలో పడుకుంటే మనుషులు గుర్తొస్తారేమో. అమ్మ పోయినప్పుడు పెట్టెపక్కన నిలబడింది నేను. ఒరిసాబా అంతా వచ్చింది ఆ సాయంత్రం, అమ్మకోసం కొందరు, నేనెలా ఏడుస్తానో చూడ్డానికి మిగిలినవాళ్ళు, ముందువరసలో మడతకుర్చీలు వేసుకున్నారు, పక్కింటావిడైతే కళ్ళజోడు తుడుచుకుని పెట్టుకుంది. నాకు ఏడుపు రాలేదు. తెరమీద కుండలు కుండలు ఏడ్చినదాన్ని, ఒక్క బొట్టు లేదు. తమ్ముడి పెళ్ళాం అననే అంది, "ఇక్కడ కెమెరా లేదుగా, అందుకే," అని. కాదే పిచ్చిమొహమా, ఇక్కడ చెప్పేవాళ్ళు లేరు. లోపల అంతా గడ్డకట్టి ఉంది, ఏ వైపునుంచి మొదలెట్టాలో తెలీదు. అప్పుడు ఫోన్ మోగింది. దోన్ కూకో. ఆయన ఓదార్పు మాటలేమీ చెప్పలేదు, ఆయనకి రావు, ఎవరో రాసిస్తే తప్ప. కాగితం తిప్పినట్టు చప్పుడు చేశాడు, ఉత్త చప్పుడే, చేతిలో కాగితం లేదని నాకు తెలుసు. తర్వాత, ముప్ఫై ఏళ్ళుగా చదివిన గొంతుతోనే, మెల్లిగా చదివాడు: "తెంచా ఏడుస్తుంది." అంతే. పెరట్లో గిన్నెలు తోమే తొట్టిదగ్గర కూలబడి ఎంతసేపు ఏడ్చానో. ఆయన ఫోన్ పెట్టెయ్యలేదు. మధ్యలో ఒకసారి "కొనసాగుతుంది" అన్నాడు. ఏడుపులో నవ్వొచ్చింది, నవ్వులో మళ్ళీ ఏడుపొచ్చింది. ఇప్పుడు ఆ గొంతే కుడిచెవిలో ఉంది, ఉందని తెలుసు, గుడ్డచుట్టిన గంటలా గుయ్ గుయ్ మంటోంది, మాట మాత్రం ఒక్కటీ విడిపోవడం లేదు. ఒక మనిషి నీతో మాట్లాడుతున్నాడని తెలిసీ ఏమన్నాడో తెలియకపోవడం. అయినా తీసెయ్యబుద్ధి కాదు. వెచ్చగా ఉంది చెవికి.

"నిశ్శబ్దం!" ఇది బల్తాసార్, ఎడమచెవిలోకి. మొదలైంది. జపమాలల గొణుగుడు. కోడలి వేషంలో ఉన్న యారెత్సి మోకాళ్ళమీద పడి ఏడుస్తోంది, బాగా ఏడుస్తోంది పిల్ల, కన్నీళ్ళు నా చేతిమీద వేడిగా పడుతున్నాయి, కళ్ళకింద మెంథాల్ రాసి తెప్పించేవైతే చల్లగా ఉంటాయి, ఇవి సొంతవి. "అత్తయ్యా, నన్ను క్షమించకుండానే వెళ్ళిపోయావా!" అంది. దీని తర్వాత నేను. కుడిచెవిలో గుయ్ గుయ్. ఆగింది. మళ్ళీ గుయ్ గుయ్, ఈసారి కాస్త గట్టిగా. నేను లేవాలా, ముందు మూలగాలా, మొదటి మాట ఏమిటి, దేవుడా మొదటి మాట ఒక్కటి దొరికితే తోకపట్టుకుని పోతానే. ఊపిరి కూడా తియ్యకుండా ఉండిపోయాను. శవం పాత్రలో ఇంత జీవించినవాళ్ళు లేరు.

"కట్! దోన్యా తెంచా, నిద్రపోయారా?"

నవ్వులు. నేనూ నవ్వాను, చావుకి కాస్త అలవాటుపడ్డాను నాయనా అన్నాను. రెండోసారీ అంతే అయింది. ఈసారి నవ్వులు తక్కువ. బల్తాసార్ దగ్గరికొచ్చాడు, వాడి తోలుచెప్పుల కిర్రు వినిపించింది. "ఏంటండీ, బతకడం ఇష్టం లేదా?" నెమ్మదిగానే అన్నాడు, అందుకే భయమేసింది. అప్పుడు ఒక గొంతు, ఎడమపక్కనుంచి, ఎక్కడో పరిచయమున్నట్టూ లేనట్టూ ఉన్న గొంతు, "తప్పు నాది బాబూ. వైరులో ఏదో గోల. పొద్దున్నించీ గరగరమంటోంది" అంది. కళ్ళు తెరిచాను. దోన్ కూకో. సెట్‌మీద. చేతిలో కాగితాలు, ముక్కుమీద కళ్ళజోడు, దీపాల వెలుగులోకి రాకుండా సరిగ్గా నీడ అంచున నుంచున్నాడు, చెరువు లోతు చూసేవాడిలా. తీగ లేకుండా ఆయన గొంతు ఇంత సన్నగా ఉంటుందని నాకు గుర్తే లేదు. బల్తాసార్ కొత్త బఠాణీ తెప్పించాడు. టెక్నీషియన్ పాతది తీసి కొత్తది పెట్టబోతున్నాడు, దోన్ కూకో నావైపు చూసి కళ్ళతోనే ఊరుకో అన్నాడు. ముప్ఫై ఏళ్ళలో ఆయన చెప్పింది చెయ్యకపోవడం అదే మొదలు.

"వైరు కాదు నాయనా," అన్నాను. "చెవి. కుడిచెవి పోయింది. వానాకాలం నించీ."

అంతమంది ఉన్నచోట అంత నిశ్శబ్దం నేనెప్పుడూ విన్లేదు, అది నిశ్శబ్దమో, నా చెవిటితనమో. బల్తాసార్ తలెత్తి పైన గాజు వెనకాల నుంచున్న ఒబ్దూలియా మేడమ్‌కేసి చూశాడు. పైనుంచి స్పీకర్ గరగరమంది. ఆవిడ ఏదో చెబుతోంది, పొడుగ్గానే చెబుతోంది, నా గురించే, నాకు తప్ప అందరికీ అర్థమవుతోంది. నేను యారెత్సి మొహం చూస్తూ పడుకున్నాను. తీర్పు వినపడనివాళ్ళకి ఎదుటిమొహమే కాగితం. ఆ పిల్ల మొహం ముడుచుకుంది, మరీ ముడుచుకుంది, అయిపోయింది అనుకున్నాను, స్పెయిన్‌లో మేనత్తకి వంట మొదలెట్టమని కబురు పంపచ్చనుకున్నాను, అంతలో ఒక కనుబొమ్మ పైకి లేచింది. వంగి నా ఎడమచెవిలో అరిచినంత పని చేసింది. మా దగ్గర పెద్ద నటీమణుల్ని పంతులమ్మా అంటారు, నేను ఓనమాలు నేర్పకపోయినా. "పంతులమ్మా! ఒక్క టేక్ ఇస్తారట! ఒక్కటే! ఆయన్ని మీ పక్కన కూర్చోబెట్టి చెప్పించుకోవాలట, జపం చేసేవాళ్ళలో కలిపేసి!"

నల్లకోటు తెచ్చి దోన్ కూకోకి తొడిగారు, జపమాల చేతిలో పెట్టారు, నా తలదగ్గర ఎడమపక్కన మోకాళ్ళమీద కూర్చోబెట్టారు. పది మంది గొణుగుతుంటే ఆయన గొణుగుడు ఎవరికి తెలుస్తుంది. "మీకు ముందే తెలుసా?" అన్నాను. "ఊఁ. వానలప్పుడే. నా జోకులకి నవ్వడం మానేశావు. మధ్యమధ్యలో ఒకటి చదివేవాణ్ణి కదా నీకొక్కదానికి. జోకులు పాతబడ్డాయేమో అనుకుని కొత్తవి నేర్చుకున్నాను అమ్మాయ్. వాటికీ నవ్వలేదు. అప్పుడర్థమైంది." మరి చెప్పలేదేం? "నువ్వు చెప్పలేదుగా. రాసి ఇచ్చింది చదివేవాణ్ణి నేను, రాయనిది ఎలా చదవను?" ఇంత దగ్గరగా ఆయన్నెప్పుడూ చూళ్ళేదు. చెవుల్లో తెల్ల వెంట్రుకలు, చొక్కా పై గుండీ తప్పు రంధ్రంలో. ముప్ఫై ఏళ్ళు నా తలలో మాట్లాడిన మనిషికి ఒక చొక్కా ఉందని, దానికి గుండీలున్నాయని నేనెప్పుడూ అనుకోలేదు. ఇప్పుడు గుండీ సరిచెయ్యాలనిపించింది, శవాన్ని కాబట్టి ఊరుకున్నాను.

అంతలో బల్తాసార్ వచ్చి, గడ్డం గోక్కుంటూ, "శవం కదిలితే తలదగ్గరున్నవాడు బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంటే బాగోదు. దోన్ కూకో, మీరో ముక్క అనండి. దోన్యా తెంచా వేలు కదుపుతుంది, మీమీద కెమెరా, మీరు 'అమ్మగారు ఊపిరి తీస్తున్నారు!' అనాలి. మూడే మాటలు. ఆ తర్వాతే ఆవిడ లేస్తుంది" అని వెళ్ళిపోయాడు. దోన్ కూకో మొహంలో రక్తం చుక్క లేదు. పెట్టెలో ఎవరుండాలో ఆ క్షణాన ఎవరైనా పొరబడేవాళ్ళు. "నావల్ల కాదు తెంచా. నేను చదువుతాను, అనను," అన్నాడు. మీరు ఇప్పటిదాకా కోటి మాటలు చెప్పారు కదా అన్నాను. "అవన్నీ మీ అందరివి!" అన్నాడు, ఏడుపు గొంతుతో. నిశ్శబ్దం అని కేక. కళ్ళు మూసుకున్నాను.

గొణుగుడు మొదలైంది. యారెత్సి ఏడ్చింది, వేడిగా, చేతిమీద. "అత్తయ్యా, నన్ను క్షమించకుండానే వెళ్ళిపోయావా!" నేను వేలు కదిపాను. కెమెరా బండి చక్రాలు ఎడమపక్కకి దొర్లాయి, ఆయన దగ్గరికే, ఆగాయి. ఏమీ లేదు. ఎడమచెవిలో ఆయన ఊపిరి ఒక్కటే, పొట్టిగా, పరుగెత్తి వచ్చినవాడిలా. మళ్ళీ వేలు కదిపాను. ఏమీ లేదు. ఒక్క టేకే. పైన గాజువెనక ఆవిడ గడియారం చూసుకుంటూ ఉంటుంది, ఇంకో రెప్పపాటులో బల్తాసార్ నోరు తెరుస్తాడు, ఇద్దరం కలిసి విమానం ఎక్కుతాం. కానీ నాకు ఆయనమీద కోపం రావడం లేదు, నామీద జాలీ కలగడం లేదు, ఇంత పెద్దాయన నాకోసం ఆ వెలుగులోకి వచ్చి కూర్చున్నాడు, ఆయన గుండె కొట్టుకోవడం పెట్టె చెక్కమీద టకటకా తెలుస్తోంది, ఏం చెయ్యాలో నాకు వేలికొసల్లోంచి తెలిసిపోయింది, ఎవరూ చెప్పకుండా. కెమెరా ఆయన మొహంమీద ఉంది, నా మొహంమీద లేదు. పెదాలు కదపకుండా, పళ్ళసందులోంచి, ఆయనకంటే ఒక్క క్షణం ముందు, మెల్లిగా అందించాను: "అమ్మగారు..."

"అమ్మగారు..." అన్నాడు ఆయన.

"ఊపిరి..."

"ఊపిరి..."

"తీస్తున్నారు. ఆనందంగా."

"తీస్తున్నారు!" అన్నాడు దోన్ కూకో, ఎంత ఆనందంగా అన్నాడంటే యారెత్సి నిజంగానే కెవ్వుమంది, జపమాల తెగి పూసలు నేలమీద దొర్లాయి, ఎవరో కథలో లేని మనిషి దేవుణ్ణి తలుచుకుంది. ఆయన గొంతు ఒకసారి వచ్చాక ఇక ఆగలేదు, నా ఎడమచెవిలోకి వంగి, కాఫీ వాసనతో, నా పాపాలు ఒక్కొక్కటే చదవడం మొదలుపెట్టాడు. నేను కళ్ళు తెరిచాను. లేచి కూచున్నాను. పేజీన్నరా పలికాను, ఒక్క మాట పోకుండా, ఆయన ఆగినచోట ఆగి, ఆయన ఊపిరి తీసినచోట తీసి. రాసిన పాపాలు అయిపోయాయి. ఆయన కాగితం దించేశాడు, ఇక చెప్పడానికేం లేదన్నట్టు నాకేసి చూశాడు. నేను ఆపలేదు. నా కోడలికి, నా ఇంటివాళ్ళకి, తలదగ్గర మోకాళ్ళమీద కూర్చున్న ఈ పెద్దాయనకి, నన్ను ఇంతకాలం మీలో ఉండనిచ్చినందుకు కృతజ్ఞతలు అన్నాను. అది ఏ కాగితంలోనూ లేదు. దోన్ కూకో కళ్ళజోడు తీసి నల్లకోటు చేతికి కళ్ళు తుడుచుకుని, నా చెవిలో ఏదో అన్నాడు. జోకే. పాతదే. నేను పకపకా నవ్వాను, లియోనార్దా బతికొచ్చి నవ్వింది, జనం భయపడి రెండడుగులు వెనక్కి వేశారు. కట్ అన్నారో లేదో నాకు తెలీదు. నా మంచి చెవి అప్పుడు దోన్ కూకో దగ్గర ఉంది.